ఎన్. కృష్ణారెడ్డి: లోహపు రేకు మీద రంగుల శిల్పి

ఎన్. కృష్ణారెడ్డి (15 జులై 1925 – 22 ఆగస్టు 2018) ఆధునిక ముద్రణ చిత్రకళను కొత్త మలుపు తిప్పిన తెలుగు కళాకారుడు, శిల్పి, అధ్యాపకుడు. రాయలసీమలోని చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టి, శాంతినికేతన్‌లో చదివి, పారిస్‌లో స్థిరపడి, చివరి నాలుగు దశాబ్దాలు న్యూయార్క్‌లో గడిపాడు. ఒకే లోహపు రేకు మీద అనేక రంగులను ఒకేసారి ఎక్కించి, ప్రెస్సులో ఒక్కసారి నడిపి బహువర్ణ చిత్రాన్ని తీసే పద్ధతిని రూపొందించినవారిలో ఆయన ముఖ్యుడు. సిరాల స్నిగ్ధత, అంటే చిక్కదనంలో ఉండే తేడా ఆధారంగా నడిచే ఈ పద్ధతిని ప్రింట్‌మేకింగ్ లోకం ‘విస్కాసిటీ ప్రింటింగ్’ అంటుంది. ఆయన మాత్రం ‘ఏకకాల వర్ణ ముద్రణ’ అనే అర్థమిచ్చే పేరునే వాడాడు. భారత ప్రభుత్వం 1972లో పద్మశ్రీ ఇచ్చింది.

తెలుగులో ఆధునిక చిత్రకళ అనగానే దామెర్ల రామారావు, అడివి బాపిరాజు, పి.టి. రెడ్డి వంటి పేర్లు వినిపిస్తాయి. కృష్ణారెడ్డి పేరు ఆ వరసలో ఆలస్యంగా వస్తుంది, ఒక్కోసారి రానేరాదు. ఇరవై నాలుగేళ్ళకే దేశం దాటడం ఒక కారణం. ఎంచుకున్న మాధ్యమం అంతకన్నా పెద్ద కారణం. నూనెరంగుల చిత్రానికి ఉన్న గౌరవం అచ్చుబొమ్మకు మన దగ్గర ఎన్నడూ దక్కలేదు. క్యాలెండరు బొమ్మ, పెళ్ళిపత్రిక, సినిమా పోస్టరు అచ్చవుతాయి, అచ్చయిందంటే నకలే అన్నది వాడుక. కానీ ఆయన రేకు నుంచి తీసిన ఏ రెండు ప్రతులూ పూర్తిగా ఒకటి కావు.

పుట్టిన సీమ

అనంతపురం, కడప, కర్నూలు, చిత్తూరు జిల్లాల ఎత్తైన నేలకు రాయలసీమ అనే పేరు 1928లో నంద్యాల సభలో స్థిరపడింది. ఆ పేరు సూచించినవాడు చిలుకూరి నారాయణరావు. అంతకుముందు వాడుకలో ఉన్నది ‘దత్తమండలాలు’. జిల్లా సరిహద్దులు ఎన్నోసార్లు మారాయి. 1910 దాకా కదిరి, 1911 దాకా మదనపల్లె రెండూ కడప జిల్లావే, తరవాత ఒకటి అనంతపురానికీ రెండోది చిత్తూరుకూ వెళ్ళాయి. గీతలు ఎక్కడ గీసినా నేల ఒకటే: ఎర్రమట్టి, గుండ్రాళ్ళ గుట్టలు, వేరుశనగ చేలు, వానకోసం చూసే చెరువులు. ఈ పీఠభూమిలో అతి ఎండిన భాగం అనంతపురం. నైరుతి ఋతుపవనం పడమటి కనుమల వెనకే ఆగిపోతుంది, ఈశాన్య ఋతుపవనం కోస్తాలోనే చాలావరకు కురిసిపోతుంది. రెంటికీ అందని ఆ జిల్లాలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. నీళ్ళు తక్కువైనచోటే నీళ్ళ గురించి ఎక్కువ ఆలోచిస్తారు. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం మంచి చెరువుకు ఏమేం ఉండాలో, ఏ దోషాలు ఉండకూడదో వరసపెట్టి చెబుతుంది.

బొమ్మలకు మాత్రం ఈ సీమలో కరువు లేదు. హిందూపురం దగ్గరి లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు మీద అచ్యుతదేవరాయల కాలంలో, అంటే 1529–42 మధ్య, వేసిన చిత్రాలు విజయనగర చిత్రకళకు మిగిలిన గొప్ప సాక్ష్యం. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో మేకతోలును గీకి గీకి వెలుతురు దూరేంత పలుచన చేసి, సన్నని రంధ్రాలు పొడిచి, రంగులద్ది తోలుబొమ్మలు చేసే కుటుంబాలు నేటికీ ఉన్నాయి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఈ సంప్రదాయాన్ని నేరుగా ఆధునిక చిత్రంలోకి తెచ్చినవాడు కె. శ్రీనివాసులు. పెద్ద కళ్ళు, మందపాటి రేఖ, చదునైన రంగులతో ఆయన వేసిన బొమ్మల్లో లేపాక్షి ప్రభావం చూడగానే తెలుస్తుంది. కృష్ణారెడ్డిలో అలాంటి పోలిక వెతకడం దండగ. ఆయన తన సీమ రూపాలను తీసుకోలేదు. చిన్ననాట ఆయనకు అందింది రూపం కాదు, పని. తండ్రి పొలం పనిచేస్తూనే గుళ్ళకు బొమ్మలు వేసేవాడు, విగ్రహాలు మలిచేవాడు. రాయి, గోడ, మట్టి, రంగు చేతిలో ఎలా మాట వింటాయో చూస్తూ పెరిగిన పిల్లవాడు కళను పలక మీద గీతగా గాక పదార్థంతో పెనుగులాటగా చూడటంలో ఆశ్చర్యం లేదు.

మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ బడిలో చదువుకున్నాడు. మదనపల్లెలోనే పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనలతో అక్కడ ఏర్పడిన పరిచయం ఆయన్ను జీవితాంతం వదల్లేదు. ముందే తయారైన అభిప్రాయం లేకుండా చూడాలన్న కృష్ణమూర్తి మాటను ఆయన తన రేకులకు అన్వయించాడనుకోవచ్చు. బొమ్మ ముందే మనసులో పూర్తయి ఉండి రేకు మీదికి దిగదు, రేకు మీదే పుడుతుంది.

శాంతినికేతన్, మద్రాసు, లండన్

1940ల తొలి సంవత్సరాల్లో విశ్వభారతి కళాభవన్‌లో చేరాడు. నందలాల్ బోస్ అక్కడ పెద్దదిక్కు. విద్యార్థులను గదుల్లో కూర్చోబెట్టి ప్లాస్టరు విగ్రహాలు గీయించే బ్రిటిష్ పద్ధతికి బదులు చెట్టు దగ్గరికి, పురుగు దగ్గరికి, సంతకు పంపడం ఆయన అలవాటు. చెట్టు ఎలా కనిపిస్తుందో కాదు, ఎలా పెరుగుతుందో గీయాలి. రాంకింకర్ బైజ్ సిమెంటు, కంకర కలిపి ఆరుబయట చేసిన ‘సంథాల్ కుటుంబం’ అప్పటికే అక్కడ నిలబడి ఉంది. ఆ సంవత్సరాలు ప్రశాంతమైనవి కావు. 1942లో క్విట్ ఇండియా, 1943లో బెంగాల్ కరువు వచ్చాయి. రాయలసీమ కుర్రవాడికి కరువు కొత్త కాకపోవచ్చు, లక్షల మందిని మింగిన కరువు మాత్రం కొత్తే.

1947లో మద్రాసు వచ్చి రుక్మిణీదేవి అరుండేల్ స్థాపించిన కళాక్షేత్రలో చిత్రకళా విభాగానికి అధిపతిగా 1949 దాకా పనిచేశాడు. మాంటిస్సోరి ఉపాధ్యాయ శిక్షణ కేంద్రంలోనూ బోధించాడు. శిల్పం మీద మనసు పడింది ఇక్కడే. 1949లో లండన్ వెళ్ళి స్లేడ్ స్కూల్లో హెన్రీ మూర్ దగ్గర శిల్పం నేర్చుకున్నాడు. కళాచరిత్ర పుస్తకాలు సాధారణంగా ఈ ఘట్టాన్ని ఒక్క వాక్యంలో దాటేస్తాయి. ఆయన తరవాతి పనిని అర్థం చేసుకోవాలంటే ఒక్కటి గుర్తుంచుకోవాలి: ముద్రణకు వచ్చేనాటికి ఆయన శిల్పి. ఉలి పట్టిన చేతికి రాగి రేకు చదునైన కాగితంలా కనిపించదు. అది లోతున్న వస్తువు.

పారిస్: అటెలియె 17

1950లో పారిస్ చేరాడు. శిల్పి బ్రంకూసితో పరిచయమైంది, ఒసిప్ జాడ్కిన్ దగ్గర శిల్పం కొనసాగింది. తరవాత ఇటలీలోని మిలాన్‌కు వెళ్ళి బ్రెరా అకాడమీలో మరినో మరినీ వద్ద కూడా నేర్చుకున్నాడు. జీవితాన్ని మార్చిన చోటు మాత్రం స్టాన్లీ విలియం హేటర్ నడిపే వర్క్‌షాపు, అటెలియె 17.

హేటర్ ఆంగ్లేయుడు. లండన్ కింగ్స్ కాలేజీలో రసాయన, భూగర్భ శాస్త్రాలు చదివి, ఇరాన్‌లోని అబాదాన్‌లో చమురు కంపెనీలో పనిచేసి, అన్నీ వదిలి పారిస్ వచ్చి 1927లో ఈ వర్క్‌షాపు పెట్టాడు. కాంపాన్య ప్రెమియేర్ వీధిలో 17వ నంబరు ఇంట్లో నడిచిన కాలం నుంచి ఆ పేరు వచ్చింది. పికాసో, మిరో, జకొమెట్టి వంటివారు అక్కడ పనిచేశారు. యుద్ధకాలంలో న్యూయార్క్‌కు తరలిన వర్క్‌షాపు 1950లో తిరిగి పారిస్ చేరింది. కృష్ణారెడ్డి అందులో అడుగుపెట్టిందీ ఆ రోజుల్లోనే. అక్కడ గురువు–శిష్యుల వరస లేదు. ఒకరు కనుక్కున్నది మరునాటికి అందరిదీ. పేరున్న చిత్రకారుడూ నిన్న చేరిన విద్యార్థీ ఒకే బల్ల దగ్గర రేకులు తుడిచేవారు. రసాయనశాస్త్రం తెలిసిన హేటర్, శిల్పం తెలిసిన కృష్ణారెడ్డి, బొంబాయి నుంచి వచ్చిన కైకో మోతీ 1950లలో ఒకచోట చేరడం వల్ల జరిగింది తరవాతి చరిత్ర. 1960ల మధ్యకు కృష్ణారెడ్డి ఆ సంస్థకు సహ సంచాలకుడయ్యాడు. ఆలీగఢ్‌లో గణితం చదివి పారిస్ చేరిన జరీనా హష్మీ 1964 నుంచి 1967 దాకా అక్కడే నేర్చుకుంది.

శిల్పాన్ని ఆయన వదల్లేదు. 1962లో ఆస్ట్రియాలోని సాంక్ట్ మార్గరెథెన్ రాతిగనిలో, 1964లో మాంట్రియల్‌లోని మౌంట్ రాయల్ మీద జరిగిన అంతర్జాతీయ శిల్పుల శిబిరాల్లో పాల్గొన్నాడు. మాంట్రియల్ శిబిరంలో ఆయన మొదటి భార్య, అమెరికన్ శిల్పి షర్లీ విటెబ్‌స్కీ కూడా ఉంది. ఆమె 1966లో మరణించింది. తరవాత ఆయన చిత్రకారిణి జూడీ బ్లమ్‌ను పెళ్ళాడాడు.

ఏకకాల వర్ణ ముద్రణ: పనిచేసే తీరు

రేకుతో బొమ్మ అచ్చువేసే పాత పద్ధతి ఇంటాగ్లియో. రాగి లేదా జింకు రేకు మీద పదునైన బ్యూరిన్‌తో గీతలు చెక్కుతారు, లేదా ఆమ్లంతో తినిపిస్తారు. సిరా పూసి పైభాగం తుడిచేస్తే గాళ్ళలో సిరా మిగులుతుంది. తడిపిన కాగితం పరిచి, మీద దళసరి ఉన్నిగుడ్డ వేసి, ప్రెస్సు బండరోలరు కింద నడిపితే కాగితం గాళ్ళలోకి దిగి సిరాను పీల్చుకుంటుంది. ఒక్క రంగుకు ఇది చక్కగా సరిపోతుంది. రంగులు పెరిగితేనే తంటా. ఒక్కో రంగుకు ఒక్కో రేకు కావాలి, ఒక్కో రేకును ఒక్కోసారి నడపాలి, ప్రతిసారీ కాగితం వెంట్రుకవాసి కూడా జరగకూడదు. అన్ని రేకులూ ఒకదాన్నొకటి పట్టుకుని బొమ్మ అయ్యేలోగా మొదటి చెక్కుడులోని ఊపు చచ్చిపోతుంది.

ఒకే రేకుతో అనేక రంగులు తీయాలన్న ప్రయత్నం కృష్ణారెడ్డికి ముందే మొదలైంది. హేటర్ 1946లో న్యూయార్క్‌లో చేసిన ‘ఐదుగురు వ్యక్తులు’ చిత్రంలో, చెక్కిన రేకు మీద సిల్కుతెర ద్వారా రంగులు వేసి ఒక్కసారే ప్రెస్సులో నడిపాడు. పారిస్‌లో దొరికిన కొత్త కిటుకు తెరను కూడా అనవసరం చేసింది. సిరాలో అవిసెనూనె పాలు మార్చడమే ఆ కిటుకు. నూనె ఎక్కువ కలిపిన పలుచని సిరా ముందు రేకు మీద పడితే, దానిమీద నడిపిన జిగట సిరా అక్కడ అంటుకోదు. పనసపండు కోసేముందు చేతులకు నూనె రాసుకుంటే పాలు అంటవు కదా, సూత్రం అదే. వరస తిరగేసి ముందు జిగట సిరా వేసి తరవాత పలుచనిది నడిపితే అది పైన కూర్చుని కలిసిపోతుంది. అంటే రెండు రంగులు విడివిడిగా ఉండాలా, కలవాలా అన్నది నూనె చుక్కలతో నిర్ణయించవచ్చు.

దీనికి రోలర్లు తోడయ్యాయి. గట్టి రోలరు రేకు మీది ఎత్తైన భాగాలను మాత్రమే తాకుతుంది. మెత్తని రోలరు కొంచెం నొక్కితే పల్లాల్లోకి దిగుతుంది. రేకును మొత్తం ఒకే చుట్టులో కప్పేంత పెద్ద రోలర్లు కావాలి, లేకపోతే రోలరు రెండో చుట్టు మొదలైనచోట అతుకు కనబడుతుంది. పని ఇలా సాగుతుంది. ముందు గాళ్ళలోకి ఒక రంగు నింపి పైన తుడుస్తారు. తరవాత గట్టి రోలరుతో పలుచని సిరా ఎత్తుల మీద వేస్తారు. ఆపై మెత్తని రోలరుతో జిగట సిరా నడిపితే అది ఎత్తుల మీది నూనెసిరాను తప్పించుకుని పల్లాలకు పోతుంది. ఇన్ని రంగులు మోస్తున్న రేకు ఒక్కసారే ప్రెస్సు కిందికి వెళ్తుంది.

ఇక్కడే శిల్పి అక్కరకొచ్చాడు. ఈ పద్ధతికి రేకు అనేక అంతస్తులున్న నేల కావాలి: గుట్ట, వాలు, మడి, గుంట. కృష్ణారెడ్డి రేకును అలాగే చెక్కాడు. ఆమ్లంలో గంటల తరబడి తినిపించి, బ్యూరిన్‌తోనూ గీకుడు పనిముట్లతోనూ, మోటారుతో తిరిగే చిన్న మరలతోనూ దాన్ని శిల్పంగా మలిచాడు. ఆయన రేకులను బొమ్మ అచ్చువేయకుండా పక్కన పెట్టినా చూడదగ్గ ఉబ్బెత్తు శిల్పాలే. సహచరుల్లో చాలామంది ఈ పద్ధతిని రంగులు పెంచే సౌకర్యంగా వాడారు. ఆయన దాన్ని కట్టడంగా చూశాడు. రంగు బొమ్మ మీద పూసింది కాదు, రేకు లోతే రంగవుతుంది.

మరో సంగతి. ఆయన చెక్కిన రేకు ఉపరితలం నిండా చిన్న చిన్న చుక్కలు, కత్తివాదరల్లాంటి గీతలు. ఒక్కో చుక్క అంచు ఒక రంగునూ, అడుగు ఒక రంగునూ, నెత్తి మరో రంగునూ పట్టుకుంటుంది. కాగితం మీద అవి కలవవు, పక్కపక్కనే పడతాయి. దూరం నుంచి చూసే కంటిలోనే కలుస్తాయి. ఫ్రెంచి చిత్రకారుడు సెరా కుంచెతో చుక్క చుక్కగా పెట్టిన రంగుల సిద్ధాంతం ఇక్కడ లోహంతో, నూనెతో, ఒత్తిడితో సాధ్యమైంది. ఆయన నీలాల్లో నారింజ, ఆకుపచ్చల్లో ఊదా కదలాడినట్టు ఉండటానికి కారణం అదే. పుస్తకాల్లో అచ్చయిన ఫొటోలు ఈ గుణాన్ని పూర్తిగా చంపేస్తాయి. కృష్ణారెడ్డిని పునర్ముద్రణల్లో మాత్రమే చూసినవారు చూడలేదనే అనుకోవాలి.

పద్ధతిని ఆయన దాచుకోలేదు. ప్రయోగాలన్నిటినీ కూర్చి, పదార్థాల గుణాలు, రోలర్ల ప్రవర్తన, రేకు తయారీ వివరిస్తూ ఏకకాల వర్ణ ఇంటాగ్లియో మీద రాసిన ఆంగ్ల పుస్తకం 1988లో న్యూయార్క్ స్టేట్ యూనివర్సిటీ ప్రెస్ ద్వారా వచ్చింది. కళాకారుడి ఆత్మకథలా గాక వర్క్‌షాపు బల్ల మీద ఉంచుకోవలసిన పుస్తకంలా రాశాడు.

ఘనత ఎవరిది?

ఈ పద్ధతిని పాశ్చాత్య పాఠ్యగ్రంథాలు చాలాకాలం హేటర్ పేరుతోనే చెప్పాయి. భారతీయ రచనల్లో కొన్ని దానికి విరుగుడుగా కృష్ణారెడ్డి ఒక్కడే కనిపెట్టాడంటాయి. రెండూ అటెలియె 17 స్వభావానికి పొసగవు. అందరూ అందరి రేకులూ చూసే గదిలో ఎవరు ఏనాడు ఏ చుక్క నూనె కలిపారో తేల్చడం కుదిరే పని కాదు. 1946 ప్రయోగం హేటర్‌ది. స్నిగ్ధత ఆధారంగా రంగులు విడదీయడం హేటర్, మోతీ, కృష్ణారెడ్డి కలిసి పనిచేసిన కాలపు ఫలితం. ఆ సూత్రానికి తగిన రేకును కనిపెట్టినవాడు మాత్రం కృష్ణారెడ్డి అని అనడంలో అతిశయోక్తి లేదు. హేటర్ రంగుచిత్రాల్లో రేఖ రాజు, రంగు దాని వెంట వస్తుంది. కృష్ణారెడ్డి చిత్రాల్లో రేఖను, రంగును, లోతును విడదీసి చూపడం అసాధ్యం.

చిత్రాలు

తొలి పారిస్ రోజుల ‘చేప’ (1952), ‘కీటకం’ (1952) శాంతినికేతన్ పాఠానికి లోహపు జవాబులు. చేపలో పొలుసులు, కళ్ళు గుర్తించేలోపే మన దృష్టి ఈత మీదికి పోతుంది. నీటిని చీల్చుకుంటూ పోయే ఒక బలం, దానికి నీరు ఇచ్చే ఎదురొత్తిడి, ఆ రెండిటి మధ్య సాగిన గీతలు. 1959 నాటి ‘కలువలు’, ‘నది’ నాటికి రంగు పూర్తిగా విచ్చుకుంది. కలువల రేకులు కొలను మీద ఎక్కడ ముగుస్తాయో, నీళ్ళు ఎక్కడ మొదలవుతాయో చెప్పలేం. రెండూ ఒకే గింజల నేతగా కనిపిస్తాయి.

1963లో చేసిన ‘సుడిగుండం’, ‘అల’ ఆయన పేరుతో ఎక్కువగా తలచుకునే చిత్రాలు. సుడిగుండంలో అంచుల నుంచి వేలాది కోతలు నడిమధ్యకు లాగబడతాయి. మధ్యకు వెళ్ళేకొద్దీ కోతలు సన్నబడి బిగుస్తాయి, రంగు వేడెక్కుతుంది. చూస్తున్నవాడి కన్ను కూడా తిరుగుతుంది. నీళ్ళ బొమ్మ వేయడానికి నీళ్ళ ఉపరితలం, తళుకు, నీడ గీసే అలవాటు ప్రపంచమంతటా ఉంది. ఇక్కడ అవేవీ లేవు. నీటిని కదిలించే బలం ఒక్కటే ఉంది.

కరువు సీమలో పుట్టినవాడు కాబట్టే నీళ్ళ మీద ఇంత మోజు అని రాసేయడం తేలిక. చేప, నది, కలువ, అల, సుడి: జాబితా కూడా ఆ మాటకు వంతపాడుతుంది. ఈ వివరణ పూర్తిగా అబద్ధం కాదు గానీ సరిపోదు. ఆయన గీసినది దాహం కాదు. ఆయన చిత్రాల్లో నీళ్ళు దేనికీ ప్రతీక కావు, కొరతగానూ కనిపించవు, వరంగానూ కనిపించవు. విత్తు మొలకెత్తడం, పిల్ల పాకడం, జనం వీధిలో ఉప్పెనలా కదలడం కూడా ఆయన అదే కోతలతో, అదే చుక్కలతో చెక్కాడు. నీరు ఆయనకు దొరికిన వ్యాకరణం, విషయం కాదు. పైగా ఈ పద్ధతే ప్రవాహాల శాస్త్రం. ఏ ద్రవం ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ జారుతుంది, ఎత్తు ఎక్కడ, పల్లం ఎక్కడ అన్నదే రోజూ చేతిలో ఉన్న లెక్క. చెరువు కట్ట కింద మడులకు నీళ్ళు మళ్ళించే రైతుకు ఆ లెక్క బాగా తెలుసు. రాయలసీమను ఆయనలో వెతకదలిస్తే బొమ్మలో కన్నా రేకు చెక్కిన తీరులో వెతకడం మేలు.

1968 మే నెలలో పారిస్ విద్యార్థులు, కార్మికులు వీధుల్లోకి వచ్చారు. ఆ ఏడు చేసిన ‘ప్రదర్శనకారులు’ ఆయన పనిలో రాజకీయం సూటిగా కనిపించే చిత్రం. చేతులెత్తిన మనుషులు ఎవరికి వారుగా కనిపించరు. ఒకరి భుజం మరొకరి భుజంలోకి కరుగుతుంది. ముఖాలు లేకుండా జనాన్ని చూపిస్తే అది గుంపు అవుతుంది, లేదా యంత్రం అవుతుంది. ఇక్కడ రెండూ కాలేదు, ఒక్కో మనిషి నిటారుతనం నిలిచే ఉంది. 1970ల మధ్యలో కూతురు అపు పాకుతున్నప్పటి రేకుల్లో పసిపిల్ల చుట్టూ ఉన్న ఖాళీ కూడా పిల్లతోపాటు కదులుతుంది.

అమెరికా వెళ్ళాక 1970ల చివర మొదలై 1980లంతా సాగినది విదూషకుల వరస. సర్కస్ బఫూను కంకణాలు ఎగరేస్తాడు, కరిగిపోతాడు, మళ్ళీ రూపు కడతాడు. 1986 నాటి ‘మహా విదూషకుడు’ ఈ వరసకు శిఖరం. ఒకే రేకును నూనె పాళ్ళు, రోలర్ల వరస, రంగులు మార్చి మార్చి అచ్చువేశాడు. ఒకదానిలో ఉత్సవంలా ఉన్న బొమ్మ ఇంకోదానిలో చితిమంటలా కనిపిస్తుంది. వందలాది ఒకేరకం ప్రతులు తీసి నంబర్లు వేసి అమ్మే బజారు పద్ధతికి ఇది తలకిందులు. అయితే ఈ వరస అంతా సమానంగా నిలుస్తుందని అనలేం. కొన్ని ప్రతుల్లో పద్ధతి ప్రదర్శనే ముందుకొచ్చి విదూషకుడు వెనక్కి తగ్గాడు. 1950, 60లలోని నీళ్ళ చిత్రాల్లో ఆ ప్రమాదం లేదు.

న్యూయార్క్, బోధన

1976లో న్యూయార్క్‌కు మారి, న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో గ్రాఫిక్స్, ప్రింట్‌మేకింగ్ విభాగాన్ని నడిపించాడు. సోహోలో ఇల్లూ స్టూడియో ఒకటే. 1981లో బ్రాంక్స్ మ్యూజియం ఆయన జీవితకాలపు పనితో పెద్ద ప్రదర్శన పెట్టింది. 2016 అక్టోబరులో మెట్రొపాలిటన్ మ్యూజియం హేటర్, కృష్ణారెడ్డి, జరీనా హష్మీ ముగ్గురినీ కలిపి ప్రదర్శించింది. అటెలియె వారసత్వాన్ని ఒక ఆంగ్లేయుడు, ఒక తెలుగువాడు, ఒక ఆలీగఢ్ మహిళ పేర్లతో చెప్పడం అప్పటికే ఆలస్యమైన సవరణ.

ఆయన ప్రభావాన్ని చిత్రాల్లోకన్నా మనుషుల్లో లెక్కించాలి. అమెరికాలో, యూరప్‌లో, భారత్‌లో వర్క్‌షాపులు నిర్వహించి ఈ పద్ధతిని చేతికి చేయిగా అందించాడు. స్వాతంత్ర్యానంతర భారతంలో ముద్రణ చిత్రకళ ప్రత్యేక శాఖగా నిలదొక్కుకోవడంలో పారిస్ వర్క్‌షాపుతో సంబంధాలకు గట్టి పాత్ర ఉంది. తెలుగునాట ఇదే మాధ్యమంలో పేరు తెచ్చుకున్న మెదక్ జిల్లా నిజాంపూర్ కళాకారుడు కె. లక్ష్మాగౌడ్ దారి పూర్తిగా వేరు. హైదరాబాదు, బరోడాల మీదుగా సాగిన ఆయన ఎచింగుల్లో, అంటే ఆమ్లంతో తినిపించిన రేకుల అచ్చుల్లో, ఊరి ఆడా మగా, మేకలు, తుమ్మచెట్లు నలుపు తెలుపుల్లో పచ్చిగా నిలబడతాయి. ఇద్దరినీ పక్కపక్కన పెడితే ఒకే రేకు నుంచి రెండు తెలుగు సీమలు ఎంత దూరంగా వెళ్ళాయో తెలుస్తుంది: ఒకరికి రేకు కథ చెప్పే చోటు, మరొకరికి రేకే కథ.

కృష్ణారెడ్డి 93 ఏళ్ళ వయసులో న్యూయార్క్‌లో కన్నుమూశాడు. మెట్రొపాలిటన్ మ్యూజియం, మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ సహా పెద్ద సంగ్రహాలయాల్లో ఆయన ప్రతులున్నాయి. కాగితం మీది సిరా వెలుతురుకు వెలిసిపోతుంది గనుక వాటిని గోడకు శాశ్వతంగా వేలాడదీయరు, పెట్టెల్లో దాచి అప్పుడప్పుడు బయటికి తీస్తారు. చూడాలనుకునేవారు ప్రింట్ల అధ్యయన గదికి ముందుగా రాసి సమయం తీసుకోవాలి. వీలైతే ‘సుడిగుండం’ రెండు వేర్వేరు ప్రతులు ఒకేసారి అడగడం మంచిది.